చుక్కకు కోపం ఎందుకు వచ్చింది?

పిల్లలూ! మీలో గుర్రం ఎక్కినవారు ఎందరు? తిరునాళ్ళలోనో, పెళ్ళి ఊరేగింపులోనో, సముద్రపు ఒడ్డునో పది రూపాయలిచ్చి రెండు నిమిషాలపాటు ఎక్కి ఉంటారు. ఎక్కేటప్పుడు మీ గుండె దడదడ కొట్టుకుని ఉంటుంది. "కరుస్తుందేమో! పడేస్తుందేమో!" అని భయపడి ఉంటారు. అయితే, ఆ గుర్రానికి కూడా మిమ్మల్ని చూస్తే భయం వేసి ఉండవచ్చునని మీకు ఎప్పుడైనా తోచిందా?

ఈ నెల మీకు ఒక పొట్టి గుర్రం సంగతి చెబుతాను. ఇది కథలాగే ఉంటుందిగాని కథ కాదు. నేను కళ్ళారా చూసినది.

నెల్లూరు జిల్లా పడమటి భాగంలో ఉదయగిరి అనే ఊరున్నది. ఊరిని ఆనుకుని నిటారుగా పెద్ద కొండ, కొండమీద పాత కోట. 1513లో శ్రీకృష్ణదేవరాయలు ఆ కోటను ముట్టడించి, సుమారు ఏడాదిన్నర పట్టు విడవకుండా కూచుని, 1514లో గజపతుల నుంచి దాన్ని గెలుచుకున్నాడు. అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని తీసుకుపోయి విజయనగరంలో గుడి కట్టించాడు. ఈనాడు ఉదయగిరి కొయ్య చెంచాలకూ గరిటెలకూ పేరుపడింది. అక్కడికి ఆగ్నేయంగా, పెన్నానదికి దగ్గరలో ఆత్మకూరు ఉన్నది. ఈ రెండు ఊళ్ళ చుట్టుపక్కలే నేను ముప్ఫై ఏళ్ళకు పైగా పంతులుగానూ, హెడ్మాస్టరుగానూ పనిచేశాను.

నా చిన్నతనంలో ఆత్మకూరులో బస్సు దిగితే జట్కాలు బారులు తీరి ఉండేవి. మా పక్కింట్లో ఒక జట్కా తాత ఉండేవాడు. సాయంత్రం ఆయన గుర్రానికి మాలీసు చేస్తూంటే నేను ఉలవల బకెట్టు పట్టుకుని నిలబడేవాణ్ణి. గుర్రపు చెవులు చూసి దాని మనసు కనిపెట్టడం నాకు ఆయనే నేర్పాడు. ఆటోలు వచ్చాక జట్కాలు పోయాయి. కాని ఆ పాఠం నాకు మిగిలిపోయింది.

ఇక అసలు సంగతి.

పదేళ్ళకు పూర్వం నేను ఉదయగిరి దగ్గర ఒక పల్లెబడిలో హెడ్మాస్టరుగా ఉన్నాను. బడికి ఎదురుగా ఒక ఇంట్లో ఒక తట్టువ ఉండేది. తట్టువ అంటే పొట్టి గుర్రం. మూపు దగ్గర కొలిస్తే 148 సెంటీమీటర్లకు మించని గుర్రాలను తట్టువలంటారు. ఇది అంతకన్నా చాలా పొట్టి. పదేళ్ళ కుర్రవాడు పక్కన నిలబడితే దాని మూపు వాడి గడ్డానికి వచ్చేది. ఒళ్ళంతా బెల్లపు రంగు, నుదుట తెల్లమచ్చ. అందుకే దానికి "చుక్క" అని పేరు పెట్టారు.

చుక్క యజమాని పూర్వం జట్కా తోలినవారి కొడుకు. చుక్కను పెళ్ళిళ్ళకు తిప్పేవాడు. తిరునాళ్ళలో పిల్లలను ఎక్కించి డబ్బు తీసుకునేవాడు. మిగతా రోజుల్లో ఆయన కొడుకూ, కూతురూ దాన్ని ఎక్కి తిరిగేవారు. కొడుకు మా బడిలో ఏడో తరగతి, కూతురు అయిదో తరగతి.

ఒకనాడు ఆ కుర్రవాడు చేతికి కట్టుతో బడికి వచ్చాడు. చుక్క మీదినుంచి పడి మణికట్టు ఎముక విరిగింది. మధ్యాహ్నం విరామంలో చెల్లెలు నా దగ్గరికి వచ్చి ఏడుపు గొంతుతో, "సార్, మా నాయన చుక్కను అమ్మేస్తానంటున్నాడు. శుక్రవారం బేరగాడు వస్తాడంట" అన్నది.

సాయంత్రం నేను వాళ్ళ ఇంటికి వెళ్ళాను.

"ఇంకేం చెయ్యమంటారు అయ్యవారూ?" అన్నాడు యజమాని. "ఒకప్పుడు గొర్రెపిల్లమాదిరి ఉండేది. ఆరు నెలల్నించీ దీనికి పొగరు పట్టింది. కొట్టి చూశాను, తిట్టి చూశాను. ఇయ్యాల చెయ్యి విరిగింది, రేపు తల పగిలితేనో?"

ఆయన మాటలో న్యాయం ఉన్నది. కన్నబిడ్డకన్నా గుర్రం ఎక్కువ కాదు. అయినా నేను, "ఒక్క నెల గడువు ఇవ్వు. ఈలోగా దానిమీద ఎవరూ ఎక్కవద్దు. నెల తరవాత నీ ఇష్టం" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, సరేనన్నాడు.

మర్నాడు నేను అన్నాచెల్లెళ్ళిద్దరినీ పిలిచి ఒక నోటుబుక్కు ఇచ్చాను. "చుక్క చేసే నేరాలన్నీ ఇందులో రాయండి. ఒక్కొక్క నేరానికీ మూడు గళ్ళు ఉండాలి. అది ఏమి చేసింది? ఎక్కడ, ఎప్పుడు చేసింది? దానికి సరిగా ముందు ఏమి జరిగింది?" అని చెప్పాను.

"అది పొగరుగా ఉంది అని రాయొచ్చా సార్?" అని అడిగాడు కుర్రవాడు.

"వద్దు. పొగరు కంటికి కనపడదు. కంటికి కనపడినదే రాయాలి" అన్నాను.

వారం తిరిగేసరికి పుస్తకంలో ఆరు పేజీలు నిండాయి. అంతా చదివితే నేరాలు నాలుగే తేలాయి. మొదటిది, జీను వెయ్యబోతే చెవులు వెనక్కి అణిచి కరవబోతుంది. రెండోది, కళ్ళెం తగిలిస్తే తల విదిలిస్తుంది. మూడోది, దారిలో గడ్డి కనబడితే ఠక్కున తల దించి లాగుతుంది; కుర్రవాడు మెడమీదుగా ముందుకు పడింది అప్పుడే. నాలుగోది, వీధి చివర చింతచెట్టు దాటనంటుంది. వెనక్కి తిరిగి ఇంటికి పరుగు తీస్తుంది.

మూడో గడి చదివేసరికి ఒక విశేషం బయటపడింది. ఒట్టి చేత్తో మెడ నిమిరితే చుక్క ఎన్నడూ కరవలేదు. జీను చూస్తేనే కరవబోయింది! ఎండుగడ్డి నమిలేటప్పుడు కూడా తల ఒక పక్కకు వంచి, సగం నమిలిన ఉండలు కింద పడేస్తున్నది. పొద్దున దాణా వెయ్యని రోజునే దారి గడ్డికోసం ఎక్కువగా పెనుగులాడింది. ఇంటినుంచి పోయేటప్పుడే మొరాయించింది. తిరిగి వచ్చేటప్పుడు ఒక్కసారీ ఆగలేదు.

"ఇప్పుడు చెప్పండి, ఇది పొగరేనా?" అన్నాను. పిల్లలిద్దరూ మాట్లాడలేదు.

ఆత్మకూరు నుంచి పశువుల డాక్టరుగారిని పిలిపించాము. ఆయన ముందుగా చుక్క వీపుమీద వేళ్ళతో నొక్కుతూ వచ్చాడు. మూపు దగ్గర నొక్కేసరికి చుక్క ఒళ్ళు జలదరించి, చెవులు వెనక్కి వాల్చింది. వెంట్రుకలు పక్కకు తీస్తే అక్కడ రూపాయి బిళ్ళంత పుండు! ఆరు నెలల కిందట యజమాని పెద్ద గుర్రానికి చేసిన పాత జీను ఒకటి చవగ్గా కొన్నాడు. అది చుక్క వీపుకు పట్టక, అటూ ఇటూ కదులుతూ ఒరిసి ఒరిసి పుండు చేసింది.

తరవాత డాక్టరుగారు నోరు తెరిపించి టార్చిలైటు వేసి చూశాడు. పిల్లలూ, గుర్రం దంతాలు మన దంతాలవంటివి కావు. చిగుళ్ళలోనుంచి ఏళ్ళ తరబడి మెల్లగా పైకి వస్తూనే ఉంటాయి. గడ్డి నమలడంలో పైభాగం అరుగుతూ ఉంటుంది. కాని అరుగుదల అన్నివైపులా సమంగా ఉండదు. దవడపళ్ళ అంచులు కత్తుల్లాగా తేలి, బుగ్గల లోపల గీరుతాయి. చుక్క బుగ్గ లోపల రెండు పుళ్ళున్నాయి. దానిమీద కళ్ళెం లాగితే తల విదిలించక ఏమి చేస్తుంది?

డాక్టరుగారు ఆకురాయివంటి పరికరంతో పళ్ళ అంచులు నున్నగా చేశాడు. పుండుకు మందిచ్చి, "ఇది పూర్తిగా మానేదాకా జీను మాట ఎత్తవద్దు" అన్నాడు. వెళుతూ వెళుతూ, "దీనిమీద ఎంత బరువు ఎక్కిస్తున్నారు?" అని అడిగాడు.

యజమాని నసిగాడు. పెళ్ళిళ్ళలో పెద్దవాళ్ళనూ ఎక్కిస్తున్నారని తేలింది.

ఇక్కడ మనకొక లెక్క. గుర్రాన్ని కాటా ఎక్కించకుండానే దాని బరువు ఇంచుమించుగా తెలుసుకోవచ్చు. ముంగాళ్ళ వెనకగా ఛాతీ చుట్టుకొలత సెంటీమీటర్లలో కొలవాలి. భుజం మొననుంచి పిరుదు చివరిదాకా పొడవు కొలవాలి. చుట్టుకొలతను దానితోనే హెచ్చవేసి, దాన్ని పొడవుతో హెచ్చవేసి, 11,900తో భాగించాలి. చుక్క చుట్టుకొలత 138, పొడవు 125. మీరే వేసి చూడండి. 200 కిలోలు వస్తుంది. గుర్రంమీద ఎక్కే బరువు, జీనుతో సహా, దాని బరువులో అయిదో వంతుకు మించకూడదని తెలిసినవారు చెబుతారు. అంటే చుక్క మొయ్యదగినది 40 కిలోలు! పిల్లలు సరే, పెళ్ళికొడుకు తగడు.

మూగజీవాల బాధ మనుషులు పట్టించుకోరని అనుకోకండి. మన దేశంలో జంతు హింసా నివారణ చట్టం 1960లో వచ్చింది. దానికింద 1965లో బళ్ళు లాగే, బరువులు మోసే పశువులకోసం నియమాలు చేశారు. ముళ్ళున్న కళ్ళెం, ముల్లుకర్ర వాడరాదన్నారు. 37 డిగ్రీలు దాటే ఎండల్లో మధ్యాహ్నం 12 నుంచి 3 గంటలదాకా ఆ పశువుల చేత పని చేయించరాదన్నారు. మన నెల్లూరు ఎండలు తెలిసినవారికి ఈ నియమం విలువ వేరే చెప్పనక్కరలేదు.

సరే, చుక్క నాలుగు నేరాల్లో రెండు నొప్పివల్ల వచ్చినవని తేలింది. మిగతా రెండూ? అవి మనం నేర్పినవి!

గుర్రం కడుపు దాని ఒంటితో పోలిస్తే చాలా చిన్నది. ఒక్కసారిగా కడుపునిండా తిని పడుకునే జంతువు కాదు. బయట వదిలేస్తే రోజుకు పదిహేను, పదహారు గంటలపాటు కొంచెం కొంచెంగా మేస్తూనే ఉంటుంది. తిన్నా తినకపోయినా దాని కడుపులో ఆమ్లం ఊరుతూనే ఉంటుంది. గంటల తరబడి ఖాళీ కడుపుతో ఉంచితే ఆ ఆమ్లం పుళ్ళు పుట్టిస్తుంది. అందుకే ఆకలిగా ఉన్న గుర్రం గడ్డి చూస్తే ఆగలేదు. పైగా, తల దించి లాగినప్పుడల్లా కుర్రవాడు పగ్గాలు వదిలేశాడు. గడ్డి నోటికి అందింది. "ఇలా లాగితే గడ్డి దొరుకుతుంది" అని చుక్క నేర్చుకున్నది. పాఠం చెప్పినవాడు కుర్రవాడే!

చింతచెట్టు సంగతీ అంతే. ఊరి బయటికి పోతే ఎండ, బరువు, దెబ్బలు. ఇంటికి వస్తే నీళ్ళు, నీడ, బకెట్టు నిండా ఉలవలు. చెట్టు దగ్గర మొరాయిస్తే పిల్లలు విసిగి వెనక్కి మళ్ళేవారు. ఇలా పదిసార్లు జరిగేసరికి, మొరాయించడమే ఇంటికి దారి అని దానికి తెలిసిపోయింది. మనకైనా తెలియదూ?

గుర్రం మనకన్నా తెలివైనదని నేను అనను. కాని అది మనల్ని కనిపెట్టే తీరు ఆశ్చర్యంగా ఉంటుంది. వంద ఏళ్ళకు పైబడి బెర్లిన్ నగరంలో ఒక గుర్రం ఉండేది. దాని పేరు హాన్స్. దాని యజమాని వాన్ ఆస్టెన్, నాలాగే బడిపంతులు. "మూడూ రెండూ ఎంత?" అని అడిగితే హాన్స్ గిట్టతో అయిదుసార్లు నేలను తట్టేది. జనం విరగబడి చూసేవారు. 1904లో పండితులు సంఘంగా ఏర్పడి పరీక్షించారు, మోసమేమీ కనపడలేదు. ఫుంగ్‌స్ట్ అనే శాస్త్రజ్ఞుడు ఇంకా తరచి చూసి, 1907లో అసలు రహస్యం బయటపెట్టాడు. అడిగినవాడికే జవాబు తెలియకపోతే హాన్స్‌కూ తెలియదు! అడిగినవాడు కంటికి కనపడకపోతే ఎక్కడ ఆగాలో దానికి తోచదు. లెక్క సరిపోగానే అడిగినవారి తల తమకు తెలియకుండానే రవంత కదిలేది. హాన్స్ చూసినది ఆ కదలికను. మనుషులెవరికీ కనపడని కదలిక గుర్రానికి కనపడింది.

ఇంకో పరీక్ష వినండి. 2009లో స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞులు కొందరిచేత గుర్రాలను నడిపించారు. కొన్నిసార్లు నడిపించిన తరవాత, "ఈసారి మీరు వెళుతూంటే ఎదురుగా గొడుగు తెరుస్తాం" అని చెప్పారు. కాని గొడుగు తెరవనే లేదు. అయినా గొడుగు తెరుస్తారనుకుని బెదిరిన మనిషి గుండె వేగం పెరిగింది; పక్కన నడుస్తున్న గుర్రం గుండె వేగమూ పెరిగింది! మన భయం గుర్రానికి అందుతుందన్నమాట.

ఈ సంగతులు చెప్పినప్పుడు మా కుర్రవాడు తల వంచుకున్నాడు. "పడ్డప్పటినుంచీ దాని దగ్గరికి పోవాలంటే నాకు వణుకొస్తోంది సార్" అన్నాడు. అప్పటిదాకా ఆ మాట ఎవరితోనూ చెప్పలేదు.

"అయితే మందు మీ ఇద్దరికీ కావాలి" అన్నాను.

ఆనాటినుంచి చికిత్స మొదలుపెట్టాము. పొద్దున్నే చుక్కకు గడ్డి వేసి, అది తృప్తిగా మేసిన తరవాతే బయటికి తీసుకుపోవాలి. ఎవరూ ఎక్కరాదు. నోట్లో కళ్ళెం లేకుండా ముఖతాడు మాత్రం వేసి, పక్కన నడిపించాలి. దారిలో గడ్డి వస్తే, అది తల దించినాక లాగి లాభం లేదు. గుర్రంతో బలంలో ఎవరు గెలుస్తారు? చెవులు గడ్డివైపు తిరిగిన క్షణాననే "పద" అని అడుగు ముందుకు వెయ్యాలి. నాలుగడుగులు నడిస్తే మూపు పక్కన గోకాలి. గుర్రాలు ఒకదానికొకటి స్నేహంగా గోక్కునేది అక్కడే.

ఇంకొక నియమం అన్నిటికన్నా ముఖ్యమైనది. తాడు బిగించి పిలిచినప్పుడు చుక్క ఒక్క అడుగు వేసినా సరే, వెంటనే తాడు వదులు చెయ్యాలి. గుర్రం నేర్చుకునేది లాగినప్పుడు కాదు, లాగడం ఆగినప్పుడు. తాను చేసిన ఏ పనివల్ల బాధ ఆగిందో ఆ పని గుర్తుపెట్టుకుంటుంది. క్షణం ఆలస్యమైతే పాఠం తప్పిపోతుంది. అడుగు వేసినాక కూడా లాగుతూ ఉంటే, "నడిచినా లాగుతారు, నిలబడినా లాగుతారు" అని అది విసిగిపోతుంది.

ఉలవల బకెట్టు ఇంటినుంచి చింతచెట్టు అవతలికి మారింది! మొదటిరోజు చెట్టుకు పది గజాల ఇవతలే, చుక్క మొరాయించకముందే, పిల్లలు దాన్ని వెనక్కి తిప్పారు. రెండోరోజు చెట్టు దాకా. నాలుగోరోజు చెట్టు దాటి బకెట్టు దగ్గరికి. ఇంటికి వచ్చాక దాణా లేదు. ఇంకో చిన్న చుట్టు నడక. వారంలోగా చింతచెట్టు మీద చుక్కకున్న పగ పోయింది.

అంతా నున్నగా జరిగిందని చెబితే నేను అబద్ధమాడినట్టు. రెండో వారంలో ఒకనాడు చుక్క కాలువ దగ్గర నిలబడిపోయింది. కుర్రవాడు స్నేహితుల ముందు సిగ్గుపడి, చింతబరికె తీసుకుని నాలుగు తగిలించాడు. మర్నాడు వాడు దగ్గరికి వస్తే చుక్క గోడ వారగా నక్కింది. మూడు రోజులు వాడి చేతి గడ్డి ముట్టలేదు. మనిషి కోపపు ముఖం ఫోటోలో చూపించినా, తరవాత అదే మనిషి మామూలుగా ఎదురుపడితే గుర్రాలు జాగ్రత్తపడతాయని ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయం వారు 2018లో ప్రకటించారు. ఫోటోకే అలా అయితే దెబ్బ మాట చెప్పాలా? రెండువేల మూడువందల ఏళ్ళ కిందట గ్రీకు దేశంలో జెనొఫోన్ అనే సేనాని గుర్రపుస్వారీమీద ఒక పుస్తకం రాస్తూ, కోపంగా ఉన్నప్పుడు గుర్రాన్ని సముదాయించబోవద్దని హెచ్చరించాడు. కోపంలో చేసిన పనికి తరవాత విచారించవలసి వస్తుందని ఆయన అనుభవం.

కుర్రవాడు ఆ మూడు రోజులూ సాయంత్రంపూట కొట్టంలో ఓ మూల కూచుని, ఏమీ అడగకుండా, లెక్కల పుస్తకం చదువుకునేవాడు. నాలుగోరోజు చుక్క తానే వచ్చి వాడి పుస్తకాన్ని వాసన చూసింది.

ఆనాడే నేను పిల్లలకు గుర్రపు భాషలో తొలి పాఠం చెప్పాను. మీరూ నేర్చుకోండి. చెవులు ముందుకు నిలబెడితే, "అదేమిటి?" అని అర్థం. ఒకటి ఇటూ ఒకటి అటూ తిరిగితే నాలుగు దిక్కులా వింటున్నది. రెండూ వెనక్కి తిప్పి మెడకు అణిచిపెడితే, "దగ్గరికి రావద్దు" అని హెచ్చరిక. గుర్రం కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి కనుక చుట్టూ ఇంచుమించు అంతా దానికి కనబడుతుంది. కనపడని చోట్లు రెండే: తోకకు సరిగ్గా వెనక, నుదుటికి సరిగ్గా ముందు. వెనకనుంచి చప్పుడు లేకుండా పోతే, పులి వచ్చిందనుకుని తన్నుతుంది. అడవిలో దాన్ని ఇన్ని వేల ఏళ్ళు కాపాడింది ఆ భయమే. కాబట్టి ఎప్పుడూ భుజంవైపునుంచి, మెల్లగా మాట్లాడుతూ వెళ్ళాలి. పెద్దవాళ్ళు పక్కన లేనిదే గుర్రం దగ్గరికి అసలే వెళ్ళరాదు.

గుర్రాన్ని తెలుసుకోవడం మనవాళ్ళకు కొత్తవిద్య కాదు. విరాటుడి కొలువులో నకులుడు అశ్వపాలకుడుగా ఉన్న కథ మీకు తెలుసు. ఆ విద్య తెలియనిచోట ఏమి జరిగిందో కూడా చరిత్రలో ఉన్నది. పదమూడో శతాబ్దం చివర దక్షిణదేశపు తూర్పుతీరం చూసిన మార్కోపోలో, ఓడలమీద వేలకొద్దీ గుర్రాలు దిగుమతి అయినా, వాటి పోషణ తెలియక, అన్నమూ మాంసమూ ఉడికించి పెట్టడంవల్ల చాలా భాగం చచ్చిపోయేవని రాశాడు. రాజులు బంగారం పోసి కొన్న గుర్రాలు! వాటికి కావలసింది గడ్డి అని చెప్పేవాడు లేకపోయాడు.

నెల గడిచింది. పుండు మానింది. యజమాని పాత జీను పక్కన పడేసి, చుక్క వీపుకు సరిపడేటట్టు మెత్తటి గంత కుట్టించాడు. ముందు చెల్లెలు ఎక్కింది. తండ్రి ముఖతాడు పట్టుకున్నాడు. చుక్క చెవులు ఒకసారి వెనక్కి వాల్చింది. పిల్ల కదలకుండా కూచుని దాని మూపు గోకింది. చెవులు మెల్లగా ముందుకు వచ్చాయి. చింతచెట్టు దాటారు. కాలువ దాటారు. తిరిగి వచ్చారు.

తరవాత అన్న వంతు. వాడి ముఖం పాలిపోయి ఉన్నది.

"భయంగా ఉంటే ఇవాళ వద్దులే" అన్నాను.

"భయంగానే ఉంది సార్. కాని అది దేనికి కోప్పడుతుందో ఇప్పుడు తెలుసు కదా" అని, గట్టిగా ఊపిరి పీల్చి వదిలి, ఎక్కాడు.

శుక్రవారం బేరగాడు మళ్ళీ వచ్చాడు. యజమాని అతనికి మజ్జిగ ఇచ్చి పంపేశాడు. పెద్దవాళ్ళను ఎక్కించడం మానేశాడు. రాబడి కొంత తగ్గింది. "పోనీలెండి అయ్యవారూ, ఆస్పత్రి ఖర్చు తగ్గిందిగా" అన్నాడు నవ్వుతూ. చుక్క పూర్తిగా సాధువైపోయిందని అనుకోకండి. పచ్చగడ్డి చూస్తే ఇప్పటికీ దాని చెవులు అటే తిరిగేవి. కాని పిల్లలు ఆ చెవులను చూడడం నేర్చుకున్నారు.

చివరగా ఒక్క మాట. ఇది పెద్దలు కూడా వినవలసినది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నా తరగతిలో ఒక అల్లరి కుర్రవాడు ఉండేవాడు. వెనక బల్లమీద కూచుని పక్కవాళ్ళతో మాట్లాడేవాడు. నల్లబల్లమీదిది రాసుకోమంటే రాసుకునేవాడు కాదు. వాడిది పొగరనుకున్నాను. ఎన్నోసార్లు బల్ల ఎక్కించాను. చేతిమీద బెత్తంతో కొట్టాను. ఏడాది చివర కంటి డాక్టర్లు బడికి వచ్చి చూస్తే, వాడికి నాలుగు గజాల అవతల అక్షరం కనపడదని తేలింది. రాసుకోవడానికి పక్కవాణ్ణి అడుగుతున్నాడు, పాపం! వాడు ఒక్కనాడూ నాకు ఎదురు చెప్పలేదు. ఆరోజు నేను వాణ్ణి ముందు బల్లమీద కూచోబెట్టి, క్షమించమని అడిగాను. అయినా ఆ బెత్తం దెబ్బలు నాకు ఈనాటికీ గుర్తున్నాయి.

ఆనాడు నేను ఆ మూడు గళ్ళ పుస్తకం రాసి ఉంటే ఎంత బాగుండేది! మీ ఇంట్లో కుక్కపిల్ల కరిచినా, ఆవు తన్నినా, తమ్ముడు ఊరికే ఏడ్చినా, ముందుగా ఆ మూడు గళ్ళూ గీసి చూడండి. ఏమి జరిగింది? ఎక్కడ, ఎప్పుడు జరిగింది? దానికి సరిగా ముందు ఏమి జరిగింది? మీకు దొరికిన జవాబు ఏమిటో మీ మాస్టారికి చెప్పండి. ఆయనకూ పనికివస్తుంది.